గవర్నరు ప్రసంగమూ, మన పిల్లల చదువూ



రాజ్యాంగంలోని 176వ అధికరణం ప్రకారం ఏటా శాసనసభ తొలి సమావేశంలో గవర్నరు ప్రసంగిస్తారు. ప్రభుత్వ పాఠశాలలను బాగుచేసే ప్రతిపాదనలు అందులో ఉండటం పరిపాటి. ఆ ప్రసంగం మంత్రివర్గం తయారుచేసేదే గాని గవర్నరు సొంతం కాదని అందరూ ఎరిగినదే. అయితే, పరభాషా రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మనబోటివారి విషయంలో గవర్నరుకు ఒక బాధ్యత అప్పగించవలెనన్న మాట 1955లోనే వచ్చిన సంగతి నేడు చాలామందికి జ్ఞాపకం లేదు.

ఫజల్ ఆలీ, కుంజ్రూ, పణిక్కర్ గారలు సభ్యులుగా గల రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘం, అల్పసంఖ్యాక భాషలవారి రక్షణలను అమలు జరిపించుటకు గవర్నర్ల సేవలను వినియోగించవలెనని సిఫారసు చేసింది. తుదకు 1956లో ఏడవ సవరణ ద్వారా 350-ఎ, 350-బి అధికరణాలు చేరినవి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమూ యత్నించవలెనని మొదటిది చెప్పుచున్నది. రెండవది ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. ఆయన విచారించి రాష్ట్రపతికి నివేదించగలరు. ఒక్క పంతులుని నియమించలేరు.

తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలుబదిమంది గాని ఉంటే మాతృభాషా ఉపాధ్యాయుని ఇవ్వవలెనని 1949లోనే రాష్ట్ర విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ఆచరణలో జరుగునదేమి? తెలుగు పంతులుగారు రిటైరవుతారు. ఖాళీ భర్తీ కాదు. పంతులు లేని బడికి పిల్లలు రారు. మరుసటి ఏడు, పిల్లలు లేరు గనుక పోస్టు అక్కరలేదని ఫైలు మూసివేస్తారు. గుమాస్తాగా ఇట్టి నోట్లు ఎన్నో వ్రాసిన చేయి నాది. ఆ కాగితంలో ఎవరి తప్పూ కనిపించదు.

మన తప్పు మాత్రం లేదా? పిల్లలను ఇంగ్లీషు బడికి పంపి, తెలుగు బడి మూతపడినదని సభలలో వాపోతున్నాము. అర్జీ పెట్టమంటే పదిమంది తండ్రులు సంతకానికి ముందుకు రారు. రాష్ట్రభాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. దానితోపాటు తాతగారి ఉత్తరం చదువుకొనగలిగితే ఎవరికి నష్టం?

కావలసినవి రెండే. బళ్లు తెరవకముందే మాతృభాష కోరే పిల్లల పేర్లు నమోదు చేసి, ఆ పట్టిక చూడనిదే పోస్టు రద్దు చేయరాదు. అల్పసంఖ్యాక భాషా ఉపాధ్యాయుల ఖాళీలు ఎన్నో, భర్తీ అయినవి ఎన్నో గవర్నరు ప్రసంగంలో ఏటా చెప్పించవలెను. సభలో చదివిన అంకెకు జవాబు చెప్పక తప్పదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హోసూరు.