టమ్మీ టక్: డాలర్ల కన్నా ముందు లెక్కేసుకోవాల్సినవి ఆరు వారాలు

ఇల్లినాయ్‌లోని అరోరా బాలాజీ గుడిలో దర్శనం చేసుకుని క్యాంటీన్‌లో కూర్చుంటే మన ఆడవాళ్ల మధ్య ఈమధ్య ఒక మాట వినిపిస్తోంది. "ఫలానా ఆవిడకి హెర్నియా ఆపరేషన్ అయిందట." నిజంగా హెర్నియా ఉన్నవాళ్లు కొందరుంటారు. మిగతావాళ్లు చేయించుకున్నది టమ్మీ టక్. డాక్టర్ల భాషలో అబ్డామినోప్లాస్టీ. చేయించుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని ఇంట్లోవాళ్ల దగ్గర కూడా దాచడంలోనే అసలు చిక్కుంది.

ఇప్పుడే ఎందుకింత?

అమెరికన్ సొసైటీ ఆఫ్ ప్లాస్టిక్ సర్జన్స్ లెక్క ప్రకారం 2023లో ఈ దేశంలో 1 లక్షా 70 వేలకు పైగా టమ్మీ టక్‌లు జరిగాయి. దీనికి తోడు వెగోవీకి 2021లో, జెప్‌బౌండ్‌కు 2023లో బరువు తగ్గించే మందులుగా అనుమతి వచ్చింది. ఇంజెక్షన్లతో కిలోలు త్వరగా దిగుతున్నాయి కానీ సాగిన చర్మం అంత త్వరగా వెనక్కి పోదు.

మన విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం సిజేరియన్లలో దేశంలోనే మొదటి స్థానం తెలంగాణది. నూటికి 60 కాన్పులు ఆపరేషన్‌తోనే. ఆంధ్రప్రదేశ్‌లో 42. పాత కుట్టు మీద మడత పడే పొట్ట మన ఇళ్లలో చాలామందికి తెలిసిందే. దానికి తోడు గర్భంతో పొట్ట కండరాలు మధ్యలో విడిపోతాయి. మామూలు కాన్పు అయినా ఇది తప్పకపోవచ్చు. బాగా విడిపోయినవాళ్లకు ఎన్ని క్రంచెస్ చేసినా ఆ ఖాళీ పూర్తిగా మూసుకోదు.

ఏం చేస్తారు, ఏం చేయరు

ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా, పొత్తికడుపు కింద కోత పెడతారు. చర్మాన్ని పక్కటెముకల దాకా లేపి, విడిపోయిన కండరాలను దగ్గరకు లాగి కుడతారు. మిగులు చర్మం తీసేస్తారు. బొడ్డుకు కొత్త చోటు చేస్తారు. పాత సిజేరియన్ మచ్చ చాలాసార్లు తీసేసే చర్మంతోనే పోతుంది. కానీ దాని బదులు ఇంకా పొడవైన మచ్చ వస్తుంది. మన చర్మరంగుకు ఆ మచ్చ నల్లబడటం, ఉబ్బడం ఎక్కువ.

ఒక్క మాట బాగా గుర్తుంచుకోవాలి. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. మనవాళ్లలో షుగర్‌కు, గుండెజబ్బుకు దారితీసేది పేగుల చుట్టూ, లోపల పేరుకునే కొవ్వు. సర్జన్ దాని జోలికి వెళ్లరు. గట్టిగా, ముందుకు పొడుచుకొచ్చిన పొట్టకు ఈ ఆపరేషన్ పెద్దగా ఉపయోగపడదు. ఇది చేతికి దొరికే వదులు చర్మానికి. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండాలి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆగడమే మంచిది.

ఆ ఆరు వారాలు

ఆపరేషన్ రెండు నుంచి నాలుగు గంటలు, జనరల్ అనస్థీషియాలో. చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మొదటి వారం నడుము వంచే నడవాలి. రిక్లైనర్‌లో పడుకోవాలి. తుమ్మినా, దగ్గినా ప్రాణం పోయినట్టుంటుంది. నీరు చేరకుండా చాలామంది సర్జన్లు డ్రెయిన్ గొట్టాలు పెడతారు. వాటిలో ఎంత వచ్చిందో కొలిచి రాసుకోవాలి. ఒకటి రెండు వారాలకు తీస్తారు. బిగుతు బెల్టు కొన్ని వారాలపాటు దాదాపు రోజంతా ఉండాల్సిందే. పూర్వం బాలింతకు అమ్మమ్మలు నడుముకు గుడ్డ చుట్టినట్టే.

ల్యాప్‌టాప్ ఉద్యోగానికి రెండు వారాల్లో తిరిగి కూర్చోవచ్చు. బరువులు మాత్రం ఆరు వారాలు ముట్టుకోకూడదు. అంటే రెండేళ్ల పిల్లను ఎత్తుకోకూడదు, బియ్యం బస్తా మోయకూడదు, లాండ్రీ బుట్టతో బేస్‌మెంట్ మెట్లు ఎక్కకూడదు, అరోరా చలికాలంలో డ్రైవ్‌వే మీద మంచు తోయకూడదు. వాపు నెలల తరబడి, ముఖ్యంగా సాయంత్రాలు కనిపిస్తుంది. బొడ్డు కింద మొద్దుబారినట్టు ఉంటుంది. తుది రూపానికి ఏడాది ఆగాలి.

అన్నిటికన్నా ప్రమాదం కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. అందుకే మొదటి రోజు నుంచే కాస్త కాస్త నడిపిస్తారు. ఒక పిక్క వాచినా, నొప్పెట్టినా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా ఒక్క నిమిషం ఆలోచించకుండా 911.

డబ్బు, సెలవు

సర్జన్ ఫీజు ఒక్కటే సగటున 8 వేల డాలర్లు. అనస్థీషియా, ఆపరేషన్ గది అదనం. కాస్మెటిక్ కాబట్టి ఇన్సూరెన్స్ ఇవ్వదు, హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ డబ్బు వాడుకోవడం కుదరదు. వేలాడే మడత కింద మందులకు తగ్గని పుండ్లు ఉన్నట్టు వైద్య రికార్డులుంటే, ఆ చర్మం మాత్రం తీసే పానిక్యులెక్టమీకి కొన్ని ప్లాన్లు ఒప్పుకుంటాయి. రాత్రి ఆస్పత్రిలో ఉండాల్సి వస్తేనో, ఇబ్బందులు తలెత్తితేనో తప్ప ఎఫ్ఎంఎల్ఏ సెలవు కూడా సాధారణంగా వర్తించదు.

"హైదరాబాద్‌లో చవక కదా, సెలవుల్లో కానిచ్చేద్దాం" అనేవాళ్లున్నారు. అక్కడ మంచి సర్జన్లున్నారు, అమ్మ చేతి వంట కూడా ఉంది. చిక్కంతా మూడు వారాల టికెట్‌తోనే. పొట్ట ఆపరేషన్ తర్వాత కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దని సీడీసీ చెబుతోంది. గాయంలో నీరు చేరితే మొదటి సర్జన్ సముద్రం అవతల ఉంటారు. చవక కోసం డొమినికన్ రిపబ్లిక్ వెళ్లి కాస్మెటిక్ ఆపరేషన్ల తర్వాత 2009-22 మధ్య 93 మంది అమెరికన్లు చనిపోయారని సీడీసీయే 2024లో ప్రకటించింది.

ఇక్కడ చేయించుకున్నా సర్జన్‌కు అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. "కాస్మెటిక్ సర్జన్" అన్న బోర్డు చూసి అదీ ఇదీ ఒకటే అనుకోవద్దు. ఆపరేషన్ గదికి గుర్తింపు ఉందా, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు అని అడగండి.

దాపరికం ఖరీదు

'నువ్వు నాకు నచ్చావ్'తో మనకు దగ్గరైన, న్యూజెర్సీలో పుట్టిన ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో 31 ఏళ్లకే కన్నుమూశారు. కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. అది టమ్మీ టక్ కాదు. అయినా కాస్మెటిక్ అన్న మాట చూసి ఆపరేషన్‌ను తేలిగ్గా తీసుకోవద్దని ఆనాడు మనందరికీ తట్టింది. తర్వాత మర్చిపోయాం.

దాచినవాళ్లు ఏం చేస్తారో ఆలోచించండి. అత్తగారు అనుమానపడతారని నాలుగో రోజే వంటింట్లోకి వెళతారు. పక్కింటివాళ్లకు తెలియకూడదని పిల్లను తామే ఎత్తుకుని కారు ఎక్కిస్తారు. పిక్క నొప్పి వస్తే ఎవరికీ చెప్పరు. వాడుతున్న బరువు ఇంజెక్షన్ సంగతి, గర్భనిరోధక మాత్రల సంగతి డాక్టర్ దగ్గర కూడా మింగేస్తారు. ఆ ఇంజెక్షన్ వల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అనస్థీషియాలో అది ప్రమాదం. ఆ మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతాయి.

ఊరందరికీ చాటనక్కర్లేదు. భర్తకు, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరికి, దగ్గరి స్నేహితురాలికి నిజం చెప్పండి. ఆ ఆరు వారాలు పిల్లను ఎత్తేదెవరు, వంట ఎవరిది, డ్రెయిన్ కొలిచేదెవరు అని ఒక కాగితం మీద పేర్లు రాయండి. ఆ కాగితం నిండాకే ఆపరేషన్‌కు డేట్ తీసుకోండి.