అర్ధరాత్రి పోపు, మిట్టమధ్యాహ్నం నిద్ర

ఈ వారం పచ్చళ్ళూ కాదు, పిండివంటలూ కాదు. పిల్లల దగ్గరికనో, మీవారి ఉద్యోగం కోసమనో రేపు మీరూ విదేశం వెళ్ళాల్సి రావచ్చు. అందుకని నేను చేసిన నిర్వాకం చెప్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి, ఫర్వాలేదు.

2023 ఆగస్టులో మావారిని ఆఫీసువాళ్ళు చికాగో పంపారు. నేనూ, తొమ్మిదేళ్ళ మా పాపా వెంట వెళ్ళాం. విశాఖలో ఇంటికి తాళం వేసింది మొదలు అక్కడ ఫ్లాటు తలుపు తీసేదాకా ఒకటిన్నర రోజు పట్టింది. వేసవిలో చికాగో మనకంటే పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పటినుంచి మార్చిదాకా పదకొండున్నర. అంటే మనం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి విస్తరి ముందు కూర్చుంటే వాళ్ళకి తెల్లవారుజాము మూడు. ఈ లెక్క విమానంలో మావారు కాగితం మీద వేసి చూపించారు. నాకు అర్థమైంది కానీ, నా కడుపుకి అర్థం కావద్దూ!

రెండోరోజు రాత్రి సరిగ్గా మూడుకి మెలకువ వచ్చేసింది. ఒకటే ఆకలి. పాప కూడా లేచి కూర్చుని "అమ్మా, అన్నం" అంది. సరే, కుక్కర్లో గుప్పెడు బియ్యం పడేసి చారు పెట్టాను. చారన్నాక పోపు ఉండాలి కదా. నూనె కాగి, నాలుగు ఎండుమిరపకాయలు, ఆవాలు, ఇంగువ పడ్డాయో లేదో, నెత్తిమీద ఏదో కీచుమని అరవడం మొదలుపెట్టింది. అక్కడ ఇళ్ళల్లో పొగ వస్తే అరిచే అలారాలు పైకప్పుకి బిగించి ఉంటాయి. నాకేం తెలుసు? కరెంటు పొయ్యి కట్టేసినా దాని చుట్ట ఎర్రగానే ఉంటుంది, పోపు ఇంకా మాడుతోంది. మావారు లుంగీతో పరుగెత్తుకొచ్చి, కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతున్నారు. నేను కిటికీ తీద్దామంటే గడియ ఎటు తిప్పాలో తెలిసి చావదు.

ఇంతలో తలుపు చప్పుడు. కింద ఫ్లాటులో ఉండే పెద్దావిడ, డెబ్భై ఏళ్ళుంటాయి, నైటీ మీద కోటు వేసుకుని నించుంది. తిట్టిపోస్తుందనుకున్నాను. లోపలికి తొంగిచూసి, మంటలేవీ లేవని చూసుకుని, కిటికీ తనే తీసింది. "ఏ అవసరమొచ్చినా పిలవండి" అని ఓ చీటీ మీద ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళింది. మావారు దాన్ని తన ఫోన్‌లో ఎక్కించుకున్నారు. ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే అని అప్పుడు దెప్పాను కూడా.

ఇక అసలు సంగతికొస్తాను. పాపని బడిలో వేశాం. మూడు గంటలకి వదుల్తారు, పెద్దవాళ్ళు వెళ్తేనే పిల్లని పంపిస్తారు. మూడోరోజు మావారు ఆఫీసుకెళ్ళారు. పన్నెండున్నరకి గిన్నెలు కడిగి, ఓ ఐదు నిమిషాలు నడుం వాల్చాను. మనకి అప్పుడు రాత్రి పదకొండు కదండీ! అది మామూలు కునుకు కాదు, బావిలో పడ్డట్టే. అలారం పెట్టుకున్నాననే అనుకున్నాను. తీరా చూస్తే రాత్రి మూడుకి పెట్టాను.

ఎవరో తలుపు బాదుతుంటే లేచాను. కిటికీలో ఎండ. ఒక్క క్షణం నేనే ఊళ్ళో ఉన్నానో తెలియలేదు. కింద పెద్దావిడ. బడివాళ్ళు నాకు ఫోన్ చేసి చేసి, మావారికి చేశారట. ఆయన రావాలంటే గంట పడుతుందని ఈవిడకి చేశారు. గడియారం చూస్తే మూడుంపావు దాటి పదిహేను నిమిషాలు. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను. రోడ్డు దాటేటప్పుడు అలవాటుకొద్దీ కుడివైపు చూస్తే, ఆవిడ చెయ్యిపట్టి వెనక్కి లాగింది. అక్కడ బళ్ళు ముందు ఎడమవైపునించి వస్తాయి.

పాప బడి ఆఫీసులో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూసి, "నువ్వు మళ్ళీ వైజాగ్ వెళ్ళిపోయావనుకున్నా" అంది. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ రాత్రి ఇంట్లో తర్జనభర్జన జరిగింది. మావారు నిద్రమాత్ర అన్నారు, నాకు ఇష్టం లేకపోయింది. మన ఒంట్లో గడియారం వెలుతురుని బట్టి నడుస్తుందిట, కొత్తవేళలకి రోజుకి సుమారు గంట చొప్పునే సర్దుకుంటుందిట. పగలు ఎండలో తిరగడమే మందు. అందుకని పొద్దున్నే ముగ్గురం మిషిగన్ సరస్సు ఒడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాం. మన రామకృష్ణా బీచిలాగే సూర్యుడు నీళ్ళమీదే పొడుస్తాడు. అవతలి ఒడ్డు కనపడదు. సముద్రమే అనుకుంటాం, ఉప్పువాసన రాదు, అంతే. మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చినప్పుడు కుర్చీలో కూడా కూర్చునేదాన్ని కాదు, డెవాన్ వీధికి పోయి కూరలు తెచ్చుకునేదాన్ని. కరివేపాకు అక్కడే దొరుకుతుంది. ఇక్కణ్ణించి పచ్చిది పట్టుకెళ్ళకండి, విమానాశ్రయంలో తీసి పారేస్తారు.

పదోరోజుకి రాత్రి నిద్ర పట్టింది. పోపు మాత్రం కిటికీ తీసి, పొయ్యి మీది ఫ్యాను వేసి, మూత చేత్తో పట్టుకుని పెట్టేదాన్ని. ఆ ఆదివారం పెద్దావిడకి పులిహోర ఇచ్చొచ్చాను, మిరపకాయలు ఏరేసి. మర్నాడు గిన్నె తిరిగిచ్చేటప్పుడు, ఆ రాత్రి ఘాటుగా వచ్చిన వాసన ఇందులో లేదేమని అడిగింది.

పాప మాత్రం నెల్లాళ్ళపాటు బడి వదలగానే గేటు దగ్గర నా చీర కనపడేదాకా మెట్లు దిగేది కాదు. నేను రెండున్నరకే వెళ్ళి నించునేదాన్ని.

ఇక్కణ్ణించి మోసుకెళ్ళిన మిక్సీని అక్కడి 120 వోల్టుల ప్లగ్గులో పెట్టి పప్పు రుబ్బబోయిన కథ ఇంకోటుంది. అది వచ్చేవారం.