తూటా పగిలితే ముందు తుపాకిని అనుమానించాలె

మా మేడ్చల్, శామీర్‌పేట దిక్కు లైసెన్సు రైఫిల్ ఉన్నోళ్లకు ఒక మాట చెప్పాలని రాస్తున్న. కాల్చినంక ఇత్తడి గొట్టం చీలినా, లోపల ఇరుక్కున్నా అందరూ "తూటా నాసిరకం" అంటరు. ఇంకో డబ్బా కొనిపిస్తరు. నేను ఒప్పుకోను. ఛాంబర్ తప్పు కోసి ఉంటే ఎన్ని డబ్బాలు మార్చినా గదే కథ.

ఛాంబర్ అంటే తూటా కూసునే గుంత. రీమర్‌తో కోస్తరు. తూటా పేలంగనే ఇత్తడి ఉబ్బి ఆ గోడలకు అతుక్కుంటది, గ్యాసు వెనుకకు రాకుండ ఆపుతది. తర్వాత కొంచెం ముడుచుకుంటది. అంటే ఖాళీ గొట్టం ఆ గుంతకు తీసిన అచ్చు. దాన్ని పారేస్తే సాక్ష్యం పారేసినట్టే.

అచ్చును చదవొచ్చు. నిలువు గీతలుంటే లోపల గరుకు ఉన్నట్టు. చుట్టూ సన్నటి వరుసలు పడితే కోసేటప్పుడు రీమర్ వణికినట్టు. అడుగుకు కొంచెం పైన మెరిసే వలయం కనపడితే మాత్రం ఇంకో తూటా పెట్టొద్దు. ఇత్తడి సాగి అక్కడ పలచబడ్డది, రేపు రెండు ముక్కలైతది. ఆ గ్యాసు వచ్చేది మన కండ్ల మీదికే.

ఉబ్బు సంగతి వేరే. చుట్టూ సమానంగ ఉబ్బితే ఛాంబర్ వదులు, అంతే. మొదటి ప్రపంచ యుద్ధంల బురద అంటిన తూటా గూడ దూరాలని లీ-ఎన్‌ఫీల్డ్ .303 ఛాంబర్లు కావాలనే వదులుగ కోసిన్రు. ఒక్కసారి కాల్చి పారేసే ఇత్తడికి అది నడుస్తది. ఒకే పక్క ఉబ్బితే అనుమానించాలె. తుపాకి మిస్త్రీ తూటా అడుగు మీద పెన్నుతో గీత పెట్టి, గీత పైకి ఉంచి ఒకటి, పక్కకు తిప్పి ఒకటి కాలుస్తడు. గీత ఎటున్నా ఉబ్బు ఛాంబర్‌ల అదే దిక్కు వస్తే తప్పు తుపాకిది. గీతతోటి ఉబ్బు తిరిగితే తప్పు ఇత్తడిది.

ఇత్తడి తప్పు గూడ ఉంటది, కాదనను. బ్రిటిషోళ్ల కాలంల మన దేశంల గుర్రపుసాలల దగ్గర పెట్టిన తూటాలు వానాకాలం వచ్చేసరికి కాల్చకముందే పగిలేవి. మూత్రంల నుంచి వచ్చే అమ్మోనియా, తేమ కలిసి ఇత్తడిని చీల్చినయి. మనోళ్లు తూటాల డబ్బాను యూరియా బస్తాల పక్కన, కొట్టంల పెడితే గదే జరుగుతది.

నాకు కోపం వచ్చేది లేత్ మిషన్ దగ్గరికి పట్టుకపోయే అలవాటు మీద. "జర పాలిష్ కొడితే సాఫ్ అయితది" అంటరు. కోసిన ఇనుము మళ్ల అతకదు, గుంత ఇంకింత పెద్దగైతది. పైగా లైసెన్సు లేనోడు తుపాకి రిపేరు చేసుడు 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఖాళీ గొట్టాలకు వరుసగ నంబర్లు వేసి, మిగిలిన తూటాల డబ్బాతో సహా లైసెన్సున్న మిస్త్రీకే చూపియ్యిండ్రి. గేజ్ పెట్టి కొలవమని అడగండి. కొలవకుండ "తూటాదే తప్పు" అంటే ఇంకో మిస్త్రీని చూసుకోండి.