బలహీన రూపాయి: కడప జిల్లాకు దక్కేదెంత?

రూపాయి విలువ తగ్గితే ఎగుమతిదారుకు లాభమన్న సూత్రం లెక్కలో సరైనదే: డాలరు 60 రూపాయలున్నప్పుడు వంద డాలర్ల సరుకుకు ఆరు వేలు పొందిన మిల్లు యజమానికి డాలరు 90కి చేరితే తొమ్మిది వేలు అందుతాయి, అందులో కొంత వదులుకొని ధర తగ్గించి కొత్త కొనుగోలుదారులను ఆకర్షించే వీలూ కలుగుతుంది. కడప జిల్లా అనుభవం మాత్రం ఇంత సూటిగా లేదు.

ఉమ్మడి జిల్లాలోని మంగంపేటలో ప్రపంచంలోనే అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉండగా, పులివెందుల ప్రాంతంలోని వేముల పరిసరాల్లో అదే ఖనిజం రాతి పొరల మధ్య పాయలుగా దొరుకుతుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా సాంద్రత గల ఈ రాతిని పొడి చేసి, చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదుపు చేసే ద్రవంలో కలుపుతారు కనుక, దాని గిరాకీని నిర్ణయించేది ధరకంటే ముందు తవ్వకమే. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా ముడిచమురు 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడిపోగా, అమెరికాలో 1,900కు పైగా ఉన్న తవ్వకపు రిగ్గులు ఆ ఏడాది మే నాటికి 404కు తగ్గాయి. ఈ మధ్యకాలంలో రూపాయి 60 నుంచి 68 దాకా క్షీణించినా, తవ్వకమే ఆగినచోట చౌకదనానికి విలువేముంటుంది? పైగా ఆ మార్కెట్టులో పోటీదారులు చైనా, మొరాకోలు; యువాన్, దిర్హమ్ కూడా అంతే పడితే ఇక్కడి మిల్లుకు ధరలో ఆధిక్యం మిగలదు. రిజర్వు బ్యాంకు 40 దేశాల కరెన్సీలతోనూ, ఆయా దేశాల ధరలతోనూ రూపాయిని సరిచూసి వాస్తవ ప్రభావక మారకం రేటును లెక్కించడం ఇందుకే.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాల సిమెంటు కర్మాగారాలది మరో చిక్కు. బరువెక్కువ, ధర తక్కువ అయిన సిమెంటు దూరదేశాలకు పెద్దగా వెళ్లదు. కొలిమిలో మండించే బొగ్గు, పెట్‌కోక్‌లలో దిగుమతి సరుకుకు మాత్రం డాలర్లలోనే చెల్లించాలి.

పసిడి వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరు సంగతి ఇంకా స్పష్టం. దేశంలో వాడే బంగారంలో అధికభాగం దిగుమతిదే. 2024 జులైలో కేంద్రం దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు డాలరు 84 రూపాయలకు కాస్త తక్కువగా ఉండేది. 2025 డిసెంబరులో అది 90 దాటేసరికి, అంతర్జాతీయ ధర ఎలా ఉన్నా, సుంకం తగ్గింపు ఇచ్చిన ఊరట దాదాపు అంతా మారకం రేటులోనే హరించుకుపోయింది.