మిగిలిన కూర, దొరికిన బంతి

మొన్న ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ, మాట మధ్యలో "కాస్ట్‌కోకి వెళ్లి బంతులు తెచ్చుకున్నానమ్మా" అన్నాను.

"ఎవరికే?" అంది.

"నాకే."

తెనాలిలో ఉండే మా అమ్మకి తెలిసిన బంతులు రెండే రకాలు. పిల్లలు ఆడుకునే రబ్బరు బంతి, దొడ్లో పూసే బంతి. కాసేపాగి "ఎంతయిందేం?" అంది. ముప్పై అయిదు డాలర్లన్నాను. అమ్మ లెక్కల్లో దిట్ట. "మూడు వేలా! బంతులకా!" అంది.

ఆ "బంతులకా" అన్న మాట నాకూ కొత్తేం కాదు. ఏడాది క్రితం వరకూ నాలో నేను అనుకున్న మాటే అది. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. పీజీఏ ఆఫ్ అమెరికా వాళ్ల ప్రధాన కార్యాలయం 2022లో మా ఊరికే వచ్చింది. కనక ఇక్కడ మనవాళ్లకి హనుమంతుడి గుడి ఎంత దగ్గరో గోల్ఫూ అంత దగ్గరే. మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడు గోల్ఫ్ టీములో చేరింది. దాన్ని దింపడం, ప్రాక్టీసయ్యేదాకా కార్లో కూర్చోవడం, తీసుకురావడం నా పని. టెక్సస్ ఎండలు మీకు తెలియనివి కావు. ఒకరోజు కార్లో కూర్చోలేక లోపలికెళ్లి నీడన నిలబడితే, అక్కడున్న కోచ్ ఊరికే నిలబడటమెందుకని నా చేతిలో ఒక కర్ర పెట్టాడు. పది దెబ్బలు గాలికి పోయాయి. పదకొండోది తగిలింది. ఆ చప్పుడు ఇంటికొచ్చి పోపు పెడుతున్నా చెవిలోనే ఉంది. అది జరిగి మూడేళ్లు. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది, ఆట నాకు మిగిలింది.

బంతులూ మిగిలినవే. అమ్మాయి పాత సంచీలో అడుగున ఉన్నవి కొన్ని, మావారు కార్టు బాట దెబ్బలకి గీసుకుపోయాయని పక్కన పడేసినవి కొన్ని, పొదల్లో నాకు దొరికినవి కొన్ని. గరాజులో ఒక ప్లాస్టిక్ బకెట్ నిండా ఉండేవి. నాకు చాలా గర్వంగా ఉండేది, పైసా ఖర్చు లేకుండా ఆడుతున్నానని. నిన్నటి పప్పు పారేయలేక మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని తినేటప్పుడు ఉంటుంది చూడండి, అలాంటి గర్వం.

ఆట మాత్రం ఒక చోట ఆగిపోయింది. పద్దెనిమిది హోల్స్‌కి 125 దెబ్బల నుంచి 112 దాకా వచ్చాను, ఇక కిందకి దిగదు. దూరం కొట్టే దెబ్బలు బాగానే ఉన్నాయి. గ్రీన్ దగ్గరికొచ్చేసరికి, అంటే జెండా పాతిన ఆ నున్నటి గడ్డి దగ్గర, అంతా అయోమయం. ఒకే చోట నుంచి ఒకేలా కొడితే ఒకసారి బంతి జెండా పక్కన ఆగుతుంది, ఇంకోసారి అవతలి ఇసక గుంటలోకి దొర్లిపోతుంది. తప్పంతా నా చేతిదేననుకునేదాన్ని. ఒకరోజు సంచీ బోర్లించి చూస్తే పద్నాలుగు బంతుల్లో పదకొండు రకాలున్నాయి. నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. ఒక పాదం ఉత్పలమాలలో, ఒక పాదం కందంలో, ఇంకోటి ఆటవెలదిలో రాసి, పద్యం ఎందుకు నడవడం లేదని ఏడ్చినట్టుంది నా వ్యవహారం.

ఇక్కడ బంతి సంగతి కొంచెం చెప్పాలి. పూర్ణం బూరె తెలుసుగా, అలాంటిదే. లోపల రబ్బరు ముద్ద, పైన తోపు. ఇది రెండు పొరల బంతి. కొన్నిటికి మధ్యలో ఇంకో పొర కూడా ఉంటుంది. మనలాంటి వాళ్లకి తేడా చూపించేది ముఖ్యంగా పైతోపే. చవక బంతులకి ఎక్కువగా అయానమర్ అనే గట్టి ప్లాస్టిక్ తోపు. దెబ్బలకి ఓర్చుకుంటుంది, గ్రీన్ మీద పడ్డాక ఎక్కువ దొర్లుతుంది. ఖరీదైన వాటికి యూరిథేన్ తోపు. కర్ర ముఖం మీద చాళ్లలా గీతలుంటాయి, దగ్గరి దెబ్బల్లో ఈ మెత్తటి తోపుని ఆ చాళ్లు బాగా పట్టుకుంటాయి. బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ వెళ్లి తొందరగా ఆగుతుంది. బంతి మీద గుంటలుంటాయే, అవి అందానికి కాదు, అవి లేకపోతే అది గాల్లో సగం దూరం కూడా సరిగ్గా వెళ్లదు. బంతి 42.67 మిల్లీమీటర్ల కంటే చిన్నది కాకూడదు, 45.93 గ్రాముల కంటే బరువుండకూడదు, అందరికీ ఒకటే రూలు. అన్నీ బయటికి ఒకలాగే కనిపించేది అందుకే.

"నీ స్థాయికి ఏ బంతయితే ఏముందోయ్" అనేవారు మావారు. ఆయనొక్కరే కాదు, చాలామంది అనే మాటే అది. పాపం, ఎగతాళికేం అనలేదు. ఆ మాట అన్న మనిషే మా పెళ్లిరోజుకి ఒక డజను ప్రో వీవన్ బంతులు కొనిచ్చారు. టీవీలో పెద్దవాళ్ల చేతుల్లో కనిపించే బంతి అది, 2000 నుంచీ ఉంది. డజను 55 డాలర్లు. ఒక్కోటి నాలుగున్నర పైమాటే.

వాటిని నేనేం చేశానో ఊహించారా? పట్టుచీర దాచినట్టు దాచాను. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఒకటి తీసి ఆడాను. రెండు హోల్స్ హాయిగా వెళ్లింది. మూడో హోల్‌కి ముందు చెరువుంది. ఎవరూ చెప్పకుండానే చెయ్యి సంచీలోకి వెళ్లి, ఆ కొత్త బంతిని లోపల పెట్టి, గీతలు పడ్డ పాతదాన్ని బయటికి తీసింది. కొట్టకముందే అది నీళ్లలోకి వెళ్తుందని నేను ఒప్పేసుకున్నానన్నమాట. వెళ్లింది కూడా. నా వెనక ఆడుతున్న ఒక పెద్దావిడ, డెబ్భై ఏళ్లుంటాయి, నవ్వి "బంతి మారిస్తే చేతికి తెలిసిపోతుంది" అన్నారు. హోల్ మొదట్లో బంతి మార్చుకోవడం తప్పేం కాదు, రూలు ఒప్పుకుంటుంది. నా మనసే ఒప్పుకోలేదు ఆ రోజు.

అప్పటినుంచి నా అభిప్రాయం గట్టిపడింది. నేర్చుకునేవాళ్లకి ఏ బంతయినా ఒకటే అనేది తప్పు, అన్నిటికంటే మంచి బంతే కొనుక్కోమనేదీ తప్పే. పోతే ప్రాణం ఉసూరుమనకుండా ఉండాలి, ప్రతి దెబ్బకీ అదే రకం చేతిలో ఉండాలి. ఈ రెండిటికీ కుదిరే ధర ఎవరిది వాళ్లు చూసుకోవాలి. వారానికో చీర కట్టే దుకాణంలో అమ్మాయికీ, ఏడాదికి రెండు కొనుక్కునే నాకూ ఒకే చీర చూపిస్తే ఎలా?

కొనేముందు నేను చేసిన పరీక్ష చెప్తాను, మీకు ఆట తెలియకపోయినా సరదాగా ఉంటుంది. మూడేసి బంతులుండే చిన్న డబ్బాల్ని స్లీవ్ అంటారు. గట్టి తోపువి ఒక స్లీవ్, యూరిథేన్‌వి ఒక స్లీవ్, నా బకెట్లోంచి ఏవో మూడు. వాటిని మా పక్క ఊరి మునిసిపల్ కోర్సుకి తీసుకెళ్లి, ప్రాక్టీసు గ్రీన్‌కి ఇరవై గజాల దూరం నుంచి మూడింటికీ పదేసి దెబ్బలు కొట్టాను. పడ్డ చోట నుంచి ఆగిన చోటుకి అడుగులేసి లెక్కపెట్టాను. ఫ్లాట్‌గా ఉన్న గ్రీన్ కాబట్టి సరిపోయింది. గట్టివి ఆరేడు అడుగులు దొర్లాయి, యూరిథేన్‌వి మూడు. బకెట్ బంతులు ఒకటి రెండడుగులకి ఆగితే ఒకటి పది దాకా వెళ్లింది. తర్వాత పెద్ద కర్రతో దూరం కొట్టి చూశాను. నా చేతి వేగానికి నాకు కనిపించే తేడా ఏమీ లేదు. డబ్బాల మీద రాసేదంతా ఆ దూరం గురించే!

గట్టివాటినీ చులకన చేయను. అవి ఏడడుగులు వెళ్తాయని తెలిస్తే ఏడడుగులు వదిలే కొడతాం, అదీ ఆటే. ఒక్క ఆటలో ఐదారు బంతులు పోగొట్టుకునే దశలో ఉంటే డజను పాతిక డాలర్లలోపు దొరికే ఆ గట్టివే కొనుక్కోమంటాను. నేనప్పటికి ఆటకి రెండు దాకా వచ్చాను. అందుకని కిర్క్‌లాండ్ బంతుల వైపు మొగ్గాను. కాస్ట్‌కో వాళ్ల సొంత సరుకు, మనం బాదంపప్పు కొనుక్కునే పేరే. మూడు పొరలు, యూరిథేన్ తోపు, రెండు డజన్లకి 35 డాలర్ల చుట్టుపక్కల.

లెక్క ఇలా వేశాను. ఏడాదికి 40 సార్లు ఆడతాను, ఆటకి రెండు చొప్పున 80 బంతులు పోతాయి. పెద్దవాళ్ల బంతితో అయితే 365 డాలర్లు దాటుతుంది. వీటితో 120 లోపు. ఆ మిగిలిన దాంతో రెండు మూడు సార్లు కోచ్ దగ్గర పాఠం చెప్పించుకోవచ్చు, అది ఏ బంతీ చేయని పని చేస్తుంది. ఇంకా తక్కువలో కావాలంటే చెరువుల్లోంచి తీసి కడిగి అమ్మే బంతులుంటాయి. ఒకే రకం ఏరుకుని కొనుక్కుంటే అవీ బానే ఉంటాయి. పాతవాటికి కొత్త రంగేసి అమ్మేవి మాత్రం నేను ముట్టను. రంగు కింద ఏముందో తెలియదు, వంకాయ పైన నిగనిగలాడి లోపల పుచ్చున్నట్టు.

ఇంకోటి, ఆడవాళ్ల బంతులని గులాబీ రంగు డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. బంతికి ఆడా మగా ఏమిటో నాకర్థం కాదు. మెత్తగా ఉంటుందంటారు. మెత్తదనం చేతికీ చెవికీ ఇంపుగా ఉంటే తీసుకోండి, నాకూ ఆ మెత్తటి చప్పుడిష్టమే. అంతేగానీ ఆడవాళ్లం కనక అదే వాడాలనేం లేదు. రంగు విషయం వేరు. చలికాలంలో ఇక్కడ గడ్డంతా ఎండిపోయి గోధుమ రంగుకొస్తుంది, ఎండుటాకుల్లో పచ్చ బంతి వెతకడం నా వల్ల కాదు. తెల్లవే తెచ్చుకుంటాను. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే ఇస్తారు, 2019కి ముందు ఐదుండేవిట.

ఇవన్నీ తేల్చుకున్నాక కూడా కొనడానికి నాకు నెల పట్టింది. డబ్బు లేక కాదు. నేను ఇంటి ఖర్చులు ఇప్పటికీ నోటు పుస్తకంలో తెలుగులో రాస్తాను. పాలు, కూరలు, కరెంటు, అమ్మాయి ఫీజు. ఈ ముప్పై అయిదు ఎక్కడ రాయాలి? మావారి టెన్నిస్ రాకెట్‌కి తీగలు బిగించిన ఖర్చు "ఆయన ఆట" అని ఎప్పటినుంచో ఒక వరసుంది. అమ్మాయి ఆటకుండేది. మొదటిసారి నా బంతుల్ని "ఇతరములు"లో రాశాను, అమెజాన్‌లో కొన్న చీపురు పక్కన. రెండు రోజులు అదే కనిపిస్తూ ఉంది కళ్ల ముందు. మూడో రోజు కొట్టేసి, కొత్త గీత గీసి "నా ఆట – 35" అని రాశాను. మావారు నెలాఖరున పుస్తకం తిరగేసి చూసి, ఏమీ అనలేదు. బకెట్ మాత్రం తీసుకెళ్లి పెరట్లో పెట్టారు, తను ప్రాక్టీసు చేసుకుంటానని.

ఎనిమిది నెలలయింది. పోయిన నెలలో 104 కొట్టాను. అది బంతి గొప్పతనమని చెప్పను, మధ్యలో నాలుగు పాఠాలున్నాయి. కానీ గ్రీన్ దగ్గర బంతి ఎంత దొర్లుతుందో ఇప్పుడు నాకు ముందే తెలుస్తుంది, తప్పితే నాదే తప్పని కూడా తెలుస్తుంది. చెరువు హోల్ దగ్గర చెయ్యి సంచీలోకి వెళ్లడం మానేసింది. నీళ్లలో పడ్డవి పడుతూనే ఉన్నాయనుకోండి. ఒక్కోటి డాలరున్నర.

అన్నట్టు, ఎవరి బంతి ఎవరిదో తెలియడానికి అందరూ ఏదో గుర్తు పెట్టుకుంటారు. చుక్కలు, గీతలు, ఇంగ్లీషు అక్షరాలు. నేను నల్ల మార్కరుతో "అ" అని రాస్తాను. ఈ చుట్టుపక్కల కోర్సుల్లో ఆ గుర్తు ఇంకెవరిదీ నేనింతవరకూ చూడలేదు. పొద దగ్గర ఎవరైనా "ఇది నీదేనా?" అని అరిస్తే "దానిమీద పాము చుట్టుకున్నట్టు ఉందా?" అని అడుగుతాను.

థ్యాంక్స్‌గివింగ్‌కి అమ్మాయి వచ్చింది. స్నేహితురాళ్లతో ఆడటానికి వెళ్తూ "అమ్మా, నాలుగు బంతులివ్వు" అంది. బకెట్ చూపించాను. "అవొద్దు, నీవి" అంది. మూడిచ్చాను. సాయంత్రం రెండే తెచ్చింది. మూడోది పన్నెండో హోల్ దగ్గర చెట్లలోకి వెళ్లిందిట, మూడు నిమిషాలూ వెతికిందిట. ఎవరికో దొరికే ఉంటుంది ఈపాటికి. తిరగేసి చూసి, ఇదేం గుర్తబ్బా అనుకుంటూ తమ బకెట్లో వేసుకుని ఉంటారు.