ములుగులో భూమి కంపిస్తే హైదరాబాద్‌లో ఎందుకు తెలిసింది? మీ ఇల్లు ఎంత భద్రం?

2024 డిసెంబరు 4, ఉదయం 7.27. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ప్రకంపనలు హైదరాబాద్, విజయవాడ దాకా తెలిశాయి. ‘దక్కన్ గట్టి రాతినేల, ఇక్కడ భూకంపాలు రావు’ అన్న మాట మీరూ వినే ఉంటారు. అది సగమే నిజం.

భూమి లోపల ఏం జరుగుతుంది?

భూమి పైపొర కొన్ని భారీ ఫలకాలుగా విడిపోయి ఉంది. మన ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. అందుకే పెద్ద భూకంపాలు ఎక్కువగా హిమాలయాల్లో వస్తాయి. కానీ ఆ ఒత్తిడి ఫలకం మధ్యలోనూ పేరుకుంటుంది. పాత పగుళ్లున్న చోట రాయి ఒక్కసారిగా జారితే, ఆ శక్తి అలలుగా బయటికొస్తుంది.

గోదావరి లోయలోనే ఎందుకు?

కోట్ల ఏళ్ల కిందట భూమి పైపొర సాగి, కుంగిన ప్రాంతమిది. సింగరేణి బొగ్గు ఏర్పడింది ఈ లోయలోనే. అప్పటి పగుళ్లు ఇంకా ఉన్నాయి. 1969లో భద్రాచలం దగ్గరా భూకంపం వచ్చింది.

లోతుతో తేడా ఏమిటి?

ప్రపంచంలో కొన్ని భూకంపాలు దాదాపు 700 కి.మీ. లోతున పుడతాయి. ములుగు భూకంపం లోతు 40 కి.మీ. అని జాతీయ భూకంప కేంద్రం (ఎన్‌సీఎస్) ప్రకటించింది. లోతు పెరిగితే పైన ఊపు తగ్గుతుంది. గట్టి రాయి మాత్రం అలలను చాలా దూరం మోసుకెళ్తుంది. హైదరాబాద్ దాకా తెలిసింది అందుకే.

మీ ఇంటి సంగతి?

2016 నాటి బీఐఎస్ ప్రమాణంలో హైదరాబాద్ జోన్-2, విజయవాడ, భద్రాచలం జోన్-3. జోన్-2 అంటే ముప్పు తక్కువని, లేదని కాదు. 1993లో లాతూర్ కూడా అప్పటి మ్యాప్‌లో అతి తక్కువ ముప్పున్న జోన్‌లోనే ఉంది. అక్కడ సుమారు 10 వేల మంది చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు తీసింది కూలిన రాతి, మట్టి గోడలే.

మీరేం చేయాలి?

* ఫ్లాట్ కొనేముందు స్ట్రక్చరల్ డిజైన్ భూకంప ప్రమాణాల ప్రకారం ఉందా అని బిల్డర్‌ను అడగండి. పార్కింగ్ కోసం కింది అంతస్తును స్తంభాలపైనే వదిలేసి ఉంటే మరీ ముఖ్యం.
* ఎన్‌సీఎస్ ‘భూకంప్’ యాప్ భూకంపం వచ్చాక వివరాలు చెబుతుంది, ముందస్తు హెచ్చరిక కాదు. ‘రేపు భూకంపం’ అనే వాట్సాప్ మెసేజ్‌లు నమ్మకండి. తేదీ, సమయం ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు.
* కంపిస్తుంటే లిఫ్ట్ ఎక్కొద్దు, మెట్ల వైపు పరుగెత్తొద్దు. గట్టి బల్ల కింద దూరి, తల కాపాడుకోండి. ఆగాక బయటికి రండి. సాయం కావాలంటే 112కు ఫోన్ చేయండి.