అద్దె వస్తుంది సరే, రిపేర్ల లెక్కేదీ?

"వడ్డీలు తగ్గాయటగా, ఇంకో ఫ్లాటు కొని పడేద్దామా?" 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును మూడుసార్లు కలిపి ఒక శాతం తగ్గించినప్పటి నుంచీ ఏ పేరంటానికి వెళ్లినా ఈ మాటే. అద్దెతోనే వాయిదా కట్టేసుకోవచ్చని మగవాళ్లు కాగితం మీద లెక్కలు వేస్తారు. అందులో రిజిస్ట్రేషన్ ఖర్చుంటుంది, బ్యాంకు వాయిదా ఉంటుంది, అద్దె ఉంటుంది. రిపేర్లు మాత్రం ఉండవు.

మేమూ అలాగే వేశాం. కొన్నది పై అంతస్తు ఫ్లాటు. మూడో వానాకాలానికల్లా పడగ్గది శ్లాబు చెమ్మగిల్లి పెచ్చులూడింది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తామంటే బతిమాలి ఉంచుకున్నాం. డాబా అందరిదీ కాబట్టి ఖర్చూ అందరూ పంచుకోవాలి కదా! "కారేది మీ ఇంట్లోనే కదండీ" అని కింది అంతస్తులవాళ్లు తప్పుకున్నారు. చివరికి అమ్మాయి చదువు కోసం నేను కడుతున్న చిట్టీ పాడుకుని 80 వేలు తెచ్చి వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. తమాషా ఏమిటంటే, ఏడాది చివర మావారు "అద్దె లక్షా ఎనభై వేలు వచ్చింది" అని మురిసిపోయారు. నా చిట్టీ డబ్బు ఆ లెక్కలోకే రాలేదు! చాలా ఇళ్లలో జరిగేది ఇదేననుకుంటాను. వచ్చే రూపాయి పెట్టుబడి ఖాతాలోకి, పోయే రూపాయి ఇంటి ఖర్చులోకి. ఆ రెండోది సర్దుకోవాల్సింది మనమే.

ఈ విషయంలో పన్నులవాళ్లే నయం. అద్దెకిచ్చిన ఇంటికి మున్సిపాలిటీ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం తీసేసి, తక్కిన దాన్నే ఆదాయంగా చూస్తారు. రిపేరు చేయించారా, రసీదుందా అని అడగరు. రూపాయిలో ముప్పై పైసలు ఇల్లే తినేస్తుందని చట్టమే ఒప్పుకున్నట్టు కదా!

యాభై లక్షల ఫ్లాటుకు నెలకు పదిహేను వేలు అద్దె అనుకుందాం. ఏడాదికి లక్షా ఎనభై వేలు, అంటే 3.6 శాతం. ఒక నెల ఖాళీగా ఉంటే పదిహేను వేలు పోయాయి. ఇంటి పన్నుకీ, ఖాళీ నెల మెయింటెనెన్సుకీ, చిల్లర ఖర్చులకీ ఇంకో పదిహేను వేలు. సున్నాలు, పెయింట్లు, బాత్‌రూమ్ టైల్సు, ప్లంబరు... వీటికి నెలకు రెండు వేలే పక్కన పెట్టినా ఏడాదికి 24 వేలు. ఇక మిగిలింది లక్షా ఇరవై ఆరు వేలు. రెండున్నర శాతం! అప్పు వడ్డీ ఇంకా లెక్కలోకి రానేలేదు. స్థలం ధర పెరుగుతుందిగా అంటారు. నిజమే, గోడల వయసూ పెరుగుతుంది. పైగా ఫ్లాటులో మన పేర వచ్చే స్థలం ఎన్ని గజాలో చాలామంది చూసుకోరు.

కొత్త ఫ్లాటైతే కాస్త రక్షణ ఉంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ, పనితనంలోగానీ లోపం బయటపడి తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫోన్లో మొత్తుకుంటే చాలదు, కాగితం మీద రాసి పంపి నకలు దాచుకోవాలి. ఇరవై ఏళ్ల పాత ఫ్లాటుకు ఆ దిక్కు లేదు. అది చవగ్గా వస్తోందంటే లిఫ్టు, పైపులు, డ్రైనేజీ కూడా ముసలివయ్యాయని అర్థం. అసోసియేషన్ కార్పస్ ఫండ్‌లో ఎంత ఉందో సెక్రటరీని అడగండి. సమాధానం దాటవేస్తే, లిఫ్టు మార్చే రోజున తలా ఇంత అని మన తలుపే కొడతారు. వీలైతే వానాకాలంలో, సామాన్లున్నప్పుడే ఇల్లు చూడాలి. అమ్మేముందు వేసిన కొత్త పెయింటు వెనక ఏ మరకలున్నాయో ఎండాకాలంలో కనబడదు.

మేము ఇప్పుడు అద్దె వచ్చిన రోజే రెండు వేలు వేరే ఖాతాలో వేస్తున్నాం. మావారు దానికి 'కారే ఖాతా' అని పేరు పెట్టారు. పోయిన నెల ఆ ఇంట్లో గీజరు పాడైతే అందులోంచే తీశాం. నా చిట్టీ జోలికి ఎవరూ రాలేదు.